కాయల లెక్క తప్పిన యువకుడు: స్కిజోఫ్రీనియాలో కనుగుడ్ల కదలికలపై ఒక కేసు

"కళ్ళు తిరుగుతున్నాయి" అనేది తల దిమ్ముకు మనం వాడుకునే మాట. కనుగుడ్లు నిజంగానే పైకి తిరిగిపోయిన కొడుకును చూసి బెదిరిపోయిన తండ్రి కూడా ఆ మాటే వాడతాడు. "కళ్ళు తేలేశాడు" అంటే ఒక ఇంట్లో మూర్ఛ, మరొక ఇంట్లో అమ్మవారు పూనడం, ఇంకొక ఇంట్లో ప్రాణం పోయే ఘడియ. "చూపు నిలవడం లేదు" అన్నప్పుడు అద్దాలు మార్చాలన్న అర్థం ఉండవచ్చు, మనసు ఒకచోట ఉండడం లేదన్న అర్థమూ ఉండవచ్చు. ఈ కేసులో ఈ మూడు మాటలూ ఒకే కుటుంబం నోట, ఒకే యువకుడి గురించి, ఏడాదిన్నరలోపే వచ్చాయి. వాటి వెనుక ఉన్నవి మూడు వేర్వేరు సంగతులు. రోగి, అతని తండ్రి అనుమతితో, గుర్తుపట్టగల వివరాలు మార్చి దీన్ని రాస్తున్నాను.

వచ్చిన తీరు

మే నెల రెండో వారంలో, కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి 23 ఏళ్ళ యువకుణ్ణి తండ్రి, మేనమామ చెరొక రెక్క పట్టుకుని అమలాపురంలోని నా గదిలోకి నడిపించుకుని వచ్చారు. తాగిన మనిషి నడకలా కాళ్ళు ఎడంగా పడుతున్నాయి, మాట ముద్దగా ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడండి" అన్నారు, తాగుడు అలవాటు లేదని ఇద్దరూ చెప్పారు. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాడు. ఎదుట కూర్చున్నాక, ముఖం తిప్పకుండా నా వేలిని కుడివైపు చివరిదాకా చూడమంటే గుడ్లు అక్కడ నిలవలేదు. మెల్లగా మధ్యకు జారి, ఒక్క అదురుతో మళ్ళీ కుడికి వెళ్ళాయి. ఎడమవైపు చూసినప్పుడూ అంతే. దీన్ని నిస్టాగ్మస్ అంటాం. ఈ అబ్బాయికి చివరకు తేలిన స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో ఇది ఉండదు. ఉందంటే మరో కారణం వెతకవలసిందే, ఆ కారణం చాలాసార్లు రోగి చొక్కా జేబులోని మందుల చీటీలోనే దొరుకుతుంది.

చీటీలో ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు ఉంది. మొదట రోజుకు 300 మిల్లీగ్రాములు; ఊళ్ళోని ఆర్‌ఎంపీ "ఇంకా తగ్గలేదు కదా" అని దాన్ని 400 చేశారు. మనిషి బరువు 49 కిలోలు. రక్తంలో ఫెనిటోయిన్ స్థాయి మిల్లీలీటరుకు 28 మైక్రోగ్రాములుగా వచ్చింది. సాధారణంగా 10 నుంచి 20 మధ్య ఉండాలి. కాలేయం ఈ మందును ఒక హద్దు వరకే విరచగలదు, హద్దు దాటాక మోతాదు కొంచెం పెంచినా రక్తంలో స్థాయి ఎగబాకుతుంది. నడక తూలడం, మాట ముద్దగా రావడం, గుడ్లు అదరడం అన్నీ అందువల్లే. ఈ స్థితిలో రెండు వారాలు కాలువ గట్టు మీద మోటారుసైకిల్ నడిపాడని విన్నప్పుడు, కాలువలో పడకుండా మా దాకా రావడమే అదృష్టమనుకున్నాను.

మూర్ఛ మందు ఎందుకు మొదలైందన్నది అసలు ప్రశ్న.

మాటల వెనుక

దీనికి పద్నాలుగు నెలల ముందు కథ మొదలైంది. తండ్రికి నాలుగెకరాల కొబ్బరి తోట, దానితోపాటు చిన్న కాయల వ్యాపారం. దింపు అయ్యాక రాశి దగ్గర కూలీలు చేతికొకటి చొప్పున కాయలు ట్రాక్టరులోకి విసురుతుంటే, పక్కన నిలబడి లెక్క పెట్టడం ఈ అబ్బాయి పని. ఇంటర్ చదివేటప్పటి నుంచీ చేస్తున్న పని, తప్పిన రోజు లేదు. ఆ ఏడాది మార్చిలో లెక్క తప్పడం మొదలైంది. "చూపు నిలవడం లేదు నాన్నా, కాయ గాల్లో ఉండగా కనిపిస్తుంది, పడేటప్పుడు కనిపించదు" అన్నాడట. అద్దాల దుకాణంలో చూపించారు, తరువాత కంటి డాక్టరుకూ చూపించారు. రెండు కళ్ళకూ చూపు 6/6 ఉంది.

ఆ వాక్యాన్ని తండ్రి పొల్లుపోకుండా చెప్పినప్పుడు దాన్ని కాగితం మీద రాసుకున్నాను. కదిలే వస్తువును కళ్ళు వెంబడించలేకపోవడాన్ని ఇంత సూటిగా చెప్పిన రోగిని అంతకుముందు చూడలేదు. అయితే ఇక్కడ నా ఉత్సాహాన్ని నేనే అదుపులో పెట్టుకోవలసి వచ్చింది. లెక్క తప్పడానికి కంటి కదలిక ఒక్కటే కారణమని చెప్పలేం. ఏకాగ్రత, ఇప్పుడే విన్న అంకెను మనసులో పట్టి ఉంచుకునే శక్తి, రెండూ ఈ జబ్బు తొలిదశలోనే సడలుతాయి. ఆ మాటకు నేనిచ్చే అర్థం జబ్బు తెలిశాక వెనక్కి తిరిగి చూసి ఇస్తున్నది.

మే, జూన్ నెలలకు స్నేహితుల దగ్గరకు వెళ్ళడం మానేశాడు. ఆగస్టుకు స్నానం, గడ్డం కూడా తల్లి గుర్తుచేస్తే తప్ప లేవు. దీపావళి తరువాత, ఏటి అవతలి ఒడ్డున రొయ్యల చెరువుల దగ్గర వెలిగే దీపాలు తనకు సైగలు చేస్తున్నాయనీ, ఇద్దరు మనుషులు తన ప్రతి పనినీ "ఇప్పుడు లేచాడు, ఇప్పుడు చెంబు పట్టుకున్నాడు" అని చెప్పుకుంటున్నారనీ అన్నాడు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఏప్రిల్‌లో పక్క పట్టణంలోని ఒక నర్సింగ్ హోంలో చేర్చి, ఇటువంటి లక్షణాలకు వాడే హాలోపెరిడాల్ ఇంజెక్షన్లు ఇప్పించారు. మూడో రోజు సాయంత్రం ఇంటి దగ్గర మెడ వెనక్కి వంగింది, గుడ్లు పైకి పోయి అక్కడే నిలిచిపోయాయి. తల్లి కేకలు విని వీధంతా చేరింది. తండ్రి ఫోనులో చెప్పిన మాట "మావాడు కళ్ళు తేలేశాడండి". అవతల విన్నవారికి అది మూర్ఛ. మర్నాడు ఫెనిటోయిన్ మొదలైంది.

నేనడిగిన ప్రశ్న ఒక్కటే: అప్పుడు పిలిస్తే పలికాడా?

"పలికాడండి, ఆయ్. అమ్మా కళ్ళు దిగట్లేదు, భయమేస్తోంది అన్నాడు. అలా రెండు గంటలున్నాడండి" అన్నాడు తండ్రి. ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛలో మనిషికి తెలివి ఉండదు, అది కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. తెలివి పూర్తిగా ఉండి, మాట్లాడుతూ, గుడ్లు మాత్రం గంటల తరబడి పైకి లాగేసుకుని ఉంటే అది ఆక్యులోజైరిక్ క్రైసిస్. హాలోపెరిడాల్ వంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకున్నప్పుడు, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, మొదలుపెట్టిన నాలుగైదు రోజుల్లోపే వచ్చే కండరాల బిగుతు ఇది. ప్రోమెథజీన్ ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు అరగంటలో దిగిపోతుంది. ఆ రాత్రి ఎవరూ ఇవ్వలేదు, దానంతట అదే దిగింది. ఫెనిటోయిన్ మాత్రం మిగిలిపోయింది. పైగా ఫెనిటోయిన్ కాలేయంలోని ఎంజైములను పురికొల్పి హాలోపెరిడాల్‌ను తొందరగా విరిచేస్తుంది. తరువాత వేసిన హాలోపెరిడాల్ మాత్రలతో అతనికి వినిపించే గొంతులు తగ్గకపోవడానికి అది కూడా ఒక కారణం అయి ఉంటుంది. తప్పు ఎవరిదని వెతకడం కన్నా, "కళ్ళు తేలేశాడు" అన్న మాట విన్న ప్రతిసారీ పై ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవడం మేలని మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

ఫెనిటోయిన్ దిగిన తర్వాత

మెదడు తరంగాల పరీక్ష (ఇఇజీ) మామూలుగా ఉంది, మెదడు స్కాన్ మామూలుగా ఉంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బులో నల్లగుడ్డు అంచున కనిపించే రాగి వలయం కోసం స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాను, లేదు. పైకీ కిందికీ చూపు చకచకా మళ్ళించగలుగుతున్నాడు. ఇది చిన్న పరీక్షే గానీ వదలకూడనిది: యౌవనంలో పిచ్చి లక్షణాలతో మొదలయ్యే నీమన్-పిక్ సి అనే అరుదైన వంశపారంపర్య జబ్బులో మొదట దెబ్బతినేది నిలువు చూపే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అటువంటి జబ్బులను మనసులో ఉంచుకోవాలి. ఈ అబ్బాయి తల్లిదండ్రులది కూడా మేనరికమే.

ఫెనిటోయిన్ ఆపేశాం. స్థాయి పూర్తిగా దిగేదాకా కంటి వెంబడింపు గురించి ఏమీ రాయకూడదని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే ఆ మందు కూడా వెంబడింపును చెడగొడుతుంది. నిద్రమాత్రలు, లిథియం కూడా అంతే. పన్నెండు రోజుల తరువాత నడక కుదుటపడింది, గుడ్ల అదురు పోయింది. అప్పుడు దారం గుండు బయటికి తీశాను.

ఈ గుండు తాపీమేస్త్రీలు గోడ నిటారు చూసుకునే తూకం గుండు. మీటరు దారానికి వేలాడదీసి వదిలితే అటు వెళ్ళి ఇటు రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. రోగిని మీటరున్నర దూరంలో కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, గుండును మధ్య నుంచి చెరొక 25 సెంటీమీటర్లు ఊగనిస్తే, కంటికి అది అత్యధికంగా సెకనుకు 30 డిగ్రీల వేగంతో కదులుతుంది. ఆరోగ్యవంతులైన యువకుల కళ్ళు ఈ వేగాన్ని దాదాపుగా అందుకుంటాయి. ఫోనును స్టాండుకు బిగించి, సెకనుకు 240 ఫ్రేములతో కళ్ళను తీస్తాను. ఖరీదైన యంత్రం లేదని చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 1908లో అమెరికాలో డీఫెన్‌డార్ఫ్, రేమండ్ డాడ్జ్ ఈ జబ్బువారి కంటి కదలికలను మొదటిసారి ఫొటో పలకల మీద పట్టినప్పుడు వాళ్ళు కూడా ఊగే లోలకాన్నే వాడారు. అప్పటికి స్కిజోఫ్రీనియా అన్న పేరు ఇంకా వాడుకలోకి రాలేదు.

వీడియోలో కనిపించింది ఇది. గుండు కదిలినంత సేపూ కళ్ళు వెనకబడుతున్నాయి. వెనకబడిన దూరాన్ని అందుకోవడానికి చిన్న చిన్న గెంతులు వేస్తున్నాయి. ఈ గెంతులను సకాడ్‌లు అంటాం. నున్నగా సాగే పంటుకూ, తెడ్డు పడినప్పుడల్లా ఒక్కో తోపు ముందుకు దూకే నాటు పడవకూ ఉన్న తేడా లాంటిది. కొన్నిసార్లు గుండు కన్నా ముందుకే గెంతి, అక్కడ దానికోసం కాచుకుని ఉన్నాయి. తరువాత రాజమహేంద్రవరంలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర ఉన్న వీడియో నిస్టాగ్మోగ్రఫీ యంత్రం మీద కూడా చేయించాను. కంటి వేగాన్ని వస్తువు వేగంతో భాగిస్తే వచ్చే గెయిన్ ఇతనికి రెండు వైపులా 0.6కు కాస్త పైన ఉంది. లోపం లేకుంటే అది 1కి దగ్గరగా ఉండాలి. తల తిప్పినప్పుడు చూపు నిలిపే చెవి సంబంధిత ప్రతిచర్యలో లోపం లేదు. కనుగుడ్లను కదిపే కండరాలు, నరాలు బాగున్నాయని దాని అర్థం. లోపం వాటికి ఆజ్ఞలిచ్చే పై అంతస్తులో ఉంది.

గుండు మీద చిన్న అంకెల కాగితం అతికించి, ఊగుతుండగా చదవమన్నాను. గెంతులు కొంత తగ్గాయి గానీ పోలేదు. ధ్యాస పెట్టినప్పుడు రోగుల్లో వెంబడింపు మెరుగుపడుతుందని 1970లలోనే గమనించారు. ధ్యాస తెచ్చే మార్పు ఎంత, ఆపైన మిగిలేది ఎంత అని విడదీసి చూడడానికి ఇది చవకైన ఉపాయం. మరొక సంగతి: పరీక్షకు ముందు సిగరెట్ కాల్చాడా అని అడగాలి. నికోటిన్ కొద్దిసేపు వెంబడింపును బాగుచేస్తుంది. ఇతణ్ణి గంటన్నర కూర్చోబెట్టి, ఆ తరువాతే చూశాను.

రెండో పరీక్ష 1978లో పీటర్ హాలెట్ రూపొందించిన యాంటీసకాడ్. నా రెండు చేతుల చూపుడువేళ్ళను అతనికి ఇరువైపులా పట్టుకుని, ఏ వేలు కదిలితే దాన్ని చూడకుండా రెండోదాన్ని చూడమన్నాను. 20 సార్లలో 11 సార్లు కదిలిన వేలి మీదికే చూపు పోయింది. ఆరోగ్యవంతులూ అప్పుడప్పుడు తప్పుతారు, కానీ ఇంతగా కాదు. నన్ను ఆలోచింపజేసింది తప్పుల సంఖ్య కాదు. తప్పిన 11లో 9 సార్లు వెంటనే చూపు రెండోవైపు తిప్పుకుని, "మళ్ళీ అటే పోయిందండి" అన్నాడు. నియమం అతనికి తెలుసు, గుర్తుంది. చూపును ఆపవలసిన క్షణంలో ఆపలేకపోతున్నాడు. ఆ ఆపే పని నుదుటి వెనుకనున్న మెదడు భాగాలది.

వెంబడింపు లోపానికి మూలం కూడా ఒక్కచోట లేదు. కదలికను గుర్తించే ఎంటీ అనే ప్రాంతం, వస్తువు ఇక ఎటు పోతుందో ముందే అంచనా వేసే ఫ్రంటల్ ఐ ఫీల్డ్, వేగాన్ని సరిచూసే చిన్నమెదడు కలిసి చేసే పని అది. కొబ్బరి మాను చాటుకు పోయిన కొంగ ఎక్కడ తేలుతుందో మన కళ్ళకు ముందే తెలుసు. అది కనపడని ఆ క్షణంలో కూడా చూపు సాగుతూనే ఉంటుంది. ఈ జబ్బులో ఎక్కువగా తడబడేది ఆ అంచనా. కళ్ళను తిప్పమని ఆజ్ఞ ఇచ్చేటప్పుడే మెదడు "ఇది నేను చేస్తున్న పని" అని ఒక నకలు తనకు తానే పంపుకుంటుందనీ, ఆ నకలు సరిగా అందకపోతే తన ఆలోచనే పరాయి గొంతుగా వినిపించవచ్చనీ ఒక ప్రతిపాదన ఉంది. తన పనులనే ఎవరో వరసగా చెబుతున్నట్టు విన్న ఈ అబ్బాయి విషయంలో అది నాకు ఆకర్షణీయంగానే కనిపించింది. కానీ అది ప్రతిపాదన మాత్రమే, తండ్రికి నేను చెప్పిన మాటల్లో దానికి చోటివ్వలేదు.

ఎదుటివారి ముఖం చూడకపోవడం గురించి ఒక్క మాట. ఈ జబ్బులో ముఖాలను చూసేటప్పుడు చూపు తక్కువ చోట్ల ఆగుతుంది, ఆగినచోట ఎక్కువసేపు ఉంటుంది, కళ్ళూ నోరూ వంటి భాగాలను తప్పించుకుంటుంది. ఇది యంత్రంతో కొలిచినప్పటి మాట. గదిలో డాక్టరు కళ్ళలోకి చూడలేదని దాన్ని లక్షణంగా రాసేసే అలవాటు మాత్రం మన దగ్గర పనికిరాదు. పెద్దల ముందు చూపు దించుకోవడం ఇక్కడ పెంపకం.

చెల్లెలి పెళ్ళి విషయం

జూన్‌లో తండ్రి కూతురిని వెంటపెట్టుకుని వచ్చాడు. అమ్మాయికి 21 ఏళ్ళు, డిగ్రీ చివరి ఏడాది. మేనత్త కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. "అమ్మాయికి కూడా ఆ గుండు ఊపి చూడండి డాక్టరుగారూ. బాగుంటే శ్రావణంలో ముహూర్తం పెట్టుకుంటాం. లేదంటే మా అక్కకి ఏదో సర్దిచెప్పుకుంటానండి" అన్నాడు. అబ్బాయికి పరీక్ష చేసిన రోజు ఈ లోపం రక్తసంబంధీకుల్లో కూడా ఉంటుందని నేనే నోరుజారి చెప్పాను. అది నా పొరపాటు.

చెప్పింది అబద్ధం కాదు. 1973లో ఫిలిప్ హోల్జ్‌మన్ బృందం ఈ లోపాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చిన తరువాత, మరుసటి ఏడాది ప్రకటించిన పనిలో రోగుల దగ్గరి బంధువుల్లో సుమారు 45 శాతం మందిలో కూడా అది కనిపించింది. తరువాతి పరిశోధనల్లో అంకెలు మారినా, బంధువుల్లో ఎక్కువన్న సంగతి నిలిచింది. కానీ దాని అర్థమే తండ్రి అనుకున్నదానికి వ్యతిరేకం. రోగి తోబుట్టువుల్లో ఈ జబ్బు వచ్చేది 100కి సుమారు 9 మందికి. వెంబడింపు లోపం ఉండేది అంతకన్నా ఎన్నో రెట్ల మందికి. అంటే లోపం ఉన్నవారిలో అత్యధికులకు జబ్బు ఎన్నడూ రాదు. జబ్బులేని కుటుంబాల్లోనూ కొందరికి ఇది ఉంటుంది. గుండు ఊపి, అమ్మాయి కళ్ళు గెంతాయని చెబితే నేను చెప్పేది జోస్యం కూడా కాదు, ఆమె మీద వేసే ముద్ర. ఊపలేదు. మేనరికం గురించి, పుట్టబోయే పిల్లల గురించి తెలిసినంత విడిగా చెప్పాను.

అమ్మాయితో ఒంటరిగా మాట్లాడినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న వేరు: "పరీక్షలు అయ్యేదాకా ముహూర్తం ఆపడానికి ఆ గుండు పనికొస్తుందా అండి?" నవ్వు ఆపుకోవడం కష్టమైంది. దానికి గుండు అక్కర్లేదని, చదువు ముగియనివ్వమని తండ్రికి నేనే చెప్పాను.

చికిత్స, ఆ తరువాత

రోగ నిర్ధారణ కళ్ళను బట్టి చేయలేదు. గొంతులు, అపోహలు, ముడుచుకుపోవడం, ఏడాదికి పైగా సాగిన క్షీణత, మత్తుపదార్థాలు గానీ ఇతర మెదడు జబ్బు గానీ లేకపోవడం, వీటిని బట్టి చేశాం. హాలోపెరిడాల్‌తో వచ్చిన బిగుతు దృష్ట్యా ఓలాంజపిన్ అనే మందును ఎంచుకుని 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మూడు వారాల్లో 15కు తీసుకెళ్ళాం. సిగరెట్ పొగ ఈ మందును తొందరగా విరిచేస్తుందని చెప్పి, మానేస్తే ముందుగా నాకు చెప్పమన్నాను, ఎందుకంటే ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు పెరిగి మగత కమ్ముతుంది. బరువు, చక్కెర, కొవ్వు మొదటి రోజే రాసిపెట్టుకున్నాం. ఆరు నెలల్లో 6 కిలోలు పెరిగాడు, రాత్రి అన్నం తగ్గించి నడక పెట్టించాం.

జూలైలో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది. ఆ లంకవాళ్ళకు రేవు అంతకన్నా ముందే మూతపడుతుంది. అందుకే జూన్ చివరి వారంలోనే రెండు నెలల మందు ఇచ్చి పంపాను. ఏటా వర్షాకాలానికి ముందు లంకల రోగులందరికీ ఇలాగే చేస్తాను. మందు ఆగి తిరగబెట్టిన కేసులు ఒకప్పుడు ఎక్కువగా సెప్టెంబరులోనే వచ్చేవి.

ఆగస్టుకు గొంతులు దూరమయ్యాయి, కార్తీకమాసానికి పూర్తిగా ఆగాయి. అవతలి ఒడ్డు దీపాలు రొయ్యల చెరువుల దీపాలేనని తనంతట తానే అన్నాడు. కాయల లెక్కకు తిరిగి వెళ్ళాడు గానీ, గాలిలో ఎగిరే కాయను లెక్కపెట్టడం లేదు. తండ్రి పద్ధతి మార్చాడు: కాయలను ముందు నేల మీద పదేసి వరసలుగా పేర్పించి, లెక్క అయ్యాక ట్రాక్టరుకు ఎక్కిస్తున్నారు. కూలీలకు గంట పని పెరిగిందని గొణుగుడు ఉంది. లెక్క మాత్రం తప్పడం లేదట.

సంక్రాంతి వెళ్ళాక జనవరి చివరలో వచ్చినప్పుడు గుండు మళ్ళీ ఊపాను, అదే దారం, అదే దూరం, అదే ఫోను. వేళ్ళ పరీక్షలో తప్పులు 20కి 8 అయ్యాయి. అలవాటు వల్ల కూడా అంత తగ్గవచ్చు, దాన్ని మందు ఖాతాలో వేయను. వెంబడింపును మాత్రం మే నెలాఖరు నాటి వీడియో పక్కన పెట్టి రెండు మూడుసార్లు చూశాను. తేదీ చూడకుండా ఏది ఎప్పటిదో నేను చెప్పలేకపోయాను.